ఆపకుండా మరమ్మతు: వరమా? వ్యసనమా?

శనివారం రాత్రి పది గంటలు. తెలుగు సంఘం వారి ఉగాది వేడుకలో పిల్లల కూచిపూడి నృత్యం ముగిసింది. భోజనాల వరుసలో పులిహోర, బొబ్బట్లు వడ్డిస్తున్నారు. ఆ సమయంలో సభికులలో ఇద్దరు ముగ్గురు మెల్లగా లేచి, హాలు మూలకు పోయి, ఒళ్ళో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటారు. అమెరికాలోని తెలుగు సమావేశాలకు వెళ్ళేవారందరూ ఎరిగిన దృశ్యమే ఇది. ఏమి చేస్తున్నారని అడిగితే సమాధానం చాలాసార్లు ఒకటే: "సర్వర్లకు అప్‌డేట్ వేస్తున్నాం. ఆపి మళ్ళీ లేపాలి." హైదరాబాదులో అది ఆదివారం ఉదయం. అక్కడ ఒక సహోద్యోగి కూడ కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని అదే యంత్రాన్ని కాచుకుని ఉంటాడు. ఖాతాదారులు నిద్రించే వేళనే యంత్రాన్ని ఆపాలి కనుక, దానిని కాచేవారికి నిద్ర ఉండదు.

కంప్యూటరును ఆపకుండానే దాని ఆపరేటింగ్ సిస్టంను సవరించగల విద్య చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. ఐనప్పటికీ ఆ లాప్‌టాప్‌లు మూతపడలేదు. ఈ విద్య ఏమిటి, దానిని ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ నమ్మరాదు అన్న విచారణ కంప్యూటరు వృత్తిలో ఉన్నవారికే పరిమితమైనది కాదు. ఆసుపత్రిలో రోగి పక్కనున్న యంత్రం మొదలుకొని, ఊళ్ళో తండ్రిగారి జేబులోని ఫోను వరకు ఇందులోకి వస్తాయి. భద్రతకు సంబంధించిన అత్యవసర సవరణను యంత్రం ఆపకుండా వేయగలగడం గొప్ప వరం. అది కొందరికే గాక అందరికీ అందవలసిన వరం. కాని యంత్రాన్ని ఎన్నడూ ఆపకుండా ఉండడానికి దానిని సాకుగా వాడుకుంటే ఆ వరమే వ్యసనమవుతుంది.

ఆపవలసిన అవసరం ఎందుకు?

కంప్యూటరు మేలుకున్నప్పుడు దాని డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టంలోని ముఖ్యభాగం యంత్రం జ్ఞాపకశక్తిలోకి ఎక్కుతుంది. ఈ ముఖ్యభాగాన్ని కెర్నెల్ అంటారు; గింజలోని పప్పు వంటిదని అర్థం. అప్పటినుండి యంత్రం ఆగేవరకు పరిపాలన అంతా దానిదే. ఏ ప్రోగ్రాముకు ఎంత సమయం ఇవ్వాలి, ఏ ఫైలును ఎవరు చూడవచ్చు, ఎవరు చూడరాదు అని నిర్ణయించేది అదే.

కెర్నెల్‌లో ఒక దోషం బయటపడిందనుకుందాం. తయారుచేసినవారు దానిని దిద్ది పంపుతారు. దిద్దిన ప్రతి డిస్కులో చేరుతుంది. కాని యంత్రం జ్ఞాపకంలో నడుస్తున్నది పాత ప్రతియే. పుస్తకంలోని అచ్చుతప్పును దిద్దినంత మాత్రాన, ఆ తప్పుతోనే కంఠస్థం చేసిన విద్యార్థి నోట పాఠం మారదు. అతడు పుస్తకం తెరిచి మొదటినుండి చదువుకోవాలి. కంప్యూటరును ఆపి లేపడమంటే అదే. సామాన్యమైన ప్రోగ్రామునైతే మూసి తెరిస్తే చాలు. కెర్నెల్‌ను మూయాలంటే దానిమీద ఆధారపడిన సమస్తమూ మూతపడాలి.

ఇంటి కంప్యూటరుకు ఇది రెండు నిమిషాల పని. కాని పరిశోధనశాలలో రాత్రంతా వరుసగా నమూనాలను విశ్లేషిస్తున్న పరికరానికి జతచేసిన కంప్యూటరు నడిరాత్రి తనంతట తాను ఆగిపోతే, తెల్లవారేసరికి మిగిలేది సగం ఫలితాలు, వృథా అయిన నమూనాలు. రోగి గుండె లయను కనిపెడుతున్న యంత్రం విషయంలో నష్టాన్ని నమూనాలతో కొలవలేము. కనుకనే యంత్రాల సంరక్షకులు "ఈ వారం వద్దు, వచ్చే వారం చూద్దాం" అంటారు. ఆ మాటలో సోమరితనం కంటె భయమే ఎక్కువ.

ఆలస్యానికి చెల్లించే మూల్యం

ఆ భయం సహేతుకమే. కాని ఆలస్యానికీ ఒక మూల్యం ఉన్నది. దోషాన్ని దిద్దే సవరణ వెలువడిన రోజుననే ఆ దోషం ఎక్కడ ఉన్నదో లోకానికి తెలిసిపోతుంది. పాత ప్రతిని, కొత్త ప్రతిని పక్కపక్కన పెట్టి చూచిన దుండగునికి ఏ తలుపుకు గడియ లేదో ఇట్టే తెలుస్తుంది. అందువల్ల సవరణ వెలువడిన క్షణంనుండి దానిని వేసుకునేవరకు గడిచే కాలమే అన్నిటికంటె ప్రమాదకరమైనది.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని ఒక తీవ్రమైన దోషానికి సవరణ విడుదల చేసింది. అది పనిచేయాలంటే కంప్యూటరును ఆపి లేపాలి. మే 12న వాన్నక్రై అనే దుష్ట ప్రోగ్రాము అదే దోషంగుండా ప్రపంచమంతటా వ్యాపించింది. మధ్యలో గడిచినవి 59 రోజులు. ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్యసేవకు చెందిన 236 ట్రస్టులలో కనీసం 80 దెబ్బతిన్నాయి. 19,000 పైగా రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా వేశారు. కొన్నిచోట్ల అత్యవసర రోగులను వేరే ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. ఆ సవరణను వేసుకోకపోవడానికి యంత్రాన్ని ఆపవలసి రావడం ఒక్కటే కారణమని అనలేము. సిబ్బంది కొరత, పరీక్షించడానికి తీరిక లేకపోవడం, బాధ్యత ఎవరిదో తేలకపోవడం కూడ ఉన్నాయి. కాని ఆపవలసిన అవసరమే లేకుంటే వాయిదాకు ఉన్న సాకులలో పెద్దది పోయి ఉండేది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జెఫ్ ఆర్నాల్డ్ అనే విద్యార్థిని ఈ మార్గంలోకి నడిపించినదీ ఇటువంటి అనుభవమే. ఒక సర్వరుకు భద్రతా సవరణ వచ్చింది. పనిదినాలలో ఆపితే వాడేవారికి ఇబ్బంది కదా అని వారాంతం వరకు ఆగుదామనుకున్నారు. వారాంతం రాకమునుపే దుండగులు చొరబడ్డారు. ఆపకుండానే సవరించే ఉపాయం లేదా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. దానికి సమాధానమే కెస్ప్లైస్ అనే విధానం. ఆర్నాల్డ్, ఆచార్య ఫ్రాన్స్ కాషోక్ కలిసి 2009లో దానిని పరిశోధనా పత్రంగా ప్రకటించారు.

కాపురం ఉండగానే పెంకు మార్చడం

ఏటా తొలకరికి ముందు పెంకుటిల్లు నేయించడం పల్లెలలో పెరిగిన పెద్దలందరికీ గుర్తుండే ఉంటుంది. పనివాడు కప్పుమీదికి ఎక్కి, పగిలిన పెంకు తీసి కొత్తది దోపుతూ పోతాడు. కింద పొయ్యిమీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. కెస్ప్లైస్ చేసే పని ఇంచుమించు ఇదే.

కెర్నెల్‌లో వేలకొలది చిన్న చిన్న పనులు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక పెంకు వంటిది. దోషమున్న పనిని దిద్ది, దిద్దిన ప్రతిని జ్ఞాపకంలో వేరొకచోట ఉంచుతారు. తరువాత పాత పని మొదటి మెట్టుమీదనే "ఇక్కడ కాదు, అక్కడికి వెళ్ళు" అని ఒక ఆదేశం రాస్తారు. ఇల్లు మారినవారు పాత గుమ్మానికి కొత్త చిరునామా పలకను తగిలించినట్లన్నమాట. అప్పటినుండి ఎవరు పాత గుమ్మం దగ్గరకు వచ్చినా కొత్త ఇంటికే చేరుతారు.

ఇక్కడ ఒక చిక్కున్నది. పలక తగిలించే క్షణంలో పాత ఇంటిలోపల ఎవరైనా ఉంటే? పనిలో సగం పాత పద్ధతిలో, సగం కొత్త పద్ధతిలో జరిగి గందరగోళమవుతుంది. అందుచేత యంత్రాన్ని మిల్లీసెకను కంటె తక్కువ కాలం నిశ్చలంగా నిలిపి, మార్చబోయే పనిలో ఎవరూ లేరని చూచుకున్న తరువాతనే మార్పు చేస్తారు. ఎవరైనా ఉంటే కొద్దిసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తారు. ఆ విరామాన్ని మనిషి కన్ను గుర్తించలేదు.

2005 మే నుండి 2008 మే వరకు లినక్స్ కెర్నెల్‌లో బయటపడిన 64 ముఖ్యమైన భద్రతా దోషాల సవరణలను తీసుకుని ఈ విధానాన్ని పరీక్షించారు. 56 సవరణలు కొత్తగా ఒక్క పంక్తి కూడ రాయనవసరం లేకుండా నడుస్తున్న యంత్రంలో అమరాయి. మిగిలిన ఎనిమిదింటికి సగటున పదిహేడేసి పంక్తులు రాయవలసి వచ్చింది. ఆ ఎనిమిది ఎందుకు మొరాయించాయన్నది గమనించదగిన విషయం. పనులు చేసే తీరు మారితే పెంకు మార్చినట్లే. కాని జ్ఞాపకంలో సమాచారం అమర్చి ఉన్న తీరే మారితే అది వాసాలను, దూలాలను ముట్టుకోవడం. వాసం మార్చడానికి పనితనం కావాలి. దూలమే మార్చాలంటే కాపురం కిందికి దించక తప్పదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే దోషాలు బయటపడినప్పుడు జరిగింది ఇదే. కెర్నెల్ జ్ఞాపకాన్ని పంచుకునే పద్ధతినే మార్చవలసి వచ్చింది. ఆపకుండా సవరించే సేవను కొనుక్కున్న సంస్థలలో కూడ అనేకం తమ యంత్రాలను ఆపి లేపుకున్నాయి.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1965లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో సక్కసన్నా అనే ఊరిలో బెల్ సంస్థవారు నెలకొల్పిన ఎలక్ట్రానిక్ టెలిఫోను కేంద్రానికి పెట్టుకున్న లక్ష్యం, నలభై ఏళ్ళలో మొత్తంమీద రెండు గంటలకు మించి ఆగరాదని. స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో 1986 ప్రాంతంలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు రూపొందించిన ఎర్లాంగ్ భాషలో ఒకే ప్రోగ్రాము పాత ప్రతి, కొత్త ప్రతి ఏకకాలంలో నడుస్తాయి; జరుగుతున్న సంభాషణలు పాత ప్రతిలో ముగుస్తాయి, కొత్తవి కొత్త ప్రతిలో మొదలవుతాయి. కెస్ప్లైస్ తరువాత 2014లో సూసే, రెడ్ హ్యాట్ సంస్థలు తమ తమ విధానాలను ప్రకటించాయి. 2015 ఏప్రిల్‌లో వెలువడిన లినక్స్ 4.0లో ఈ సౌకర్యానికి పునాది చేరింది. మైక్రోసాఫ్ట్ 2022లో తన సర్వరు విండోస్‌లో ఒక రకానికి, 2025 ఏప్రిల్‌లో సంస్థలు వాడే విండోస్ 11కు దీనిని అందించింది.

ఆగని యంత్రానికి వచ్చే జబ్బు

ఇంత చక్కని విద్య ఉండగా ఇక యంత్రాన్ని ఆపడమెందుకు అనిపించడం సహజం. నిర్వాహకులు కొందరు "మా సర్వరు మూడేళ్ళుగా ఆగలేదు" అని గర్వంగా చెప్పుకుంటారు. అది గర్వించదగిన విషయమేనా?

1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్ వద్ద ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణి అమెరికా సైనికుల నివాసంమీద పడి 28 మంది మరణించారు. దానిని అడ్డుకోవలసిన పేట్రియాట్ వ్యవస్థ ఆకాశంలో తప్పుచోట వెతికింది. కారణం దాని గడియారం. ఆ కంప్యూటరు కాలాన్ని సెకనులో పదోవంతు చొప్పున లెక్కించేది. పదోవంతు అనే భిన్నాన్ని కంప్యూటరు ద్విసంఖ్యా పద్ధతిలో ఖచ్చితంగా రాయలేము; ప్రతిసారీ అణుమాత్రం మిగిలిపోతుంది. యంత్రం నడిచిన కొద్దీ ఆ తేడా పేరుకుంటుంది. ఆ రోజుకు యంత్రం 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తున్నది. పేరుకున్న తేడా 0.34 సెకను. అంత వేగంగా వచ్చే క్షిపణి ఆ కాలంలో అర కిలోమీటరుకు మించి ప్రయాణం చేస్తుంది.

ఆపి లేపితే గడియారం మళ్ళీ సున్నానుండి మొదలయ్యేది. దానికి పట్టే సమయం ఒకటిన్నర నిమిషం లోపు. చాలాసేపు నడిపితే గురి తప్పవచ్చునని నాలుగు రోజులముందే హెచ్చరిక వచ్చింది. కాని చాలాసేపు అంటే ఎంతసేపో అందులో లేదు. దిద్దిన ప్రోగ్రాము దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న, అంటే ప్రమాదం జరిగిన మరునాడు. ఈ ఒక్క ఉదంతంలో రెండు పాఠాలున్నాయి. సవరణ చేరడం ఒక్కరోజు ఆలస్యమైనా ప్రాణాలు పోతాయి. ఆపవలసిన యంత్రాన్ని ఆపకపోయినా ప్రాణాలు పోతాయి.

ఇటువంటి జబ్బు యుద్ధ యంత్రాలకే రాదు. 2015లో అమెరికా విమానయాన శాఖ బోయింగ్ 787 విమానాల విషయంలో ఒక ఆదేశం జారీ చేసింది. విద్యుత్తు ఆపకుండా 248 రోజులు గడిస్తే జనరేటర్లను నియంత్రించే పరికరాలన్నీ ఒకేసారి పని మానవచ్చును కనుక, అంతకు మునుపే విద్యుత్తు ఆపి మళ్ళీ ఇవ్వాలని. ఆ పరికరంలోని లెక్కింపు అంకె నిండిపోవడమే కారణం. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కపెడుతూ పోతే, కంప్యూటర్లలో సాధారణంగా వాడే అంకె గరిష్ఠ పరిమితియైన దాదాపు 215 కోట్లను సరిగా 248 రోజులలోనే చేరుతాము.

లేవడం మరచిన యంత్రం

ఆపకపోవడంలో ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉన్నది. యంత్రం నడుస్తుండగా దానిని సంరక్షించేవారు ఎన్నో చిన్న మార్పులు చేస్తారు. జ్ఞాపకంలో మారినది డిస్కులో రాయడం మరచిపోతారు. ఆ మార్పు చేసిన మనిషి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతాడు. మూడేళ్ళ తరువాత కరెంటు పోయి యంత్రం ఆగిపోతే, తిరిగి లేచేది ఎవరూ ఎరగని యంత్రం. ఒక్కొక్కసారి అసలు లేవనే లేవదు. ఆ వైఫల్యానికి ముహూర్తం కరెంటు పెడుతుంది గాని మనుషులు పెట్టరు. ముందుగా అనుకుని, తగిన సిబ్బంది మేలుకుని ఉన్నప్పుడు ఆపి లేపడం ఆ పరీక్షను తమ చేతిలో ఉంచుకోవడమే.

అరుదుగా జరిగే పనిలోనే దోషాలు దాగి ఉంటాయి. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీఅండ్‌టీ సంస్థ దూర టెలిఫోను వ్యవస్థ కుప్పకూలింది. అంతకు నెలరోజుల ముందు స్విచ్‌లలో వేసిన కొత్త ప్రోగ్రాములో ఒక తప్పు ఉన్నది. అది మామూలు సమయంలో బయటపడలేదు. ఒక స్విచ్ చిన్న లోపంవల్ల ఆగి, తిరిగి లేచి, లేచానని పొరుగు స్విచ్‌లకు కబురు పంపింది. ఆ కబురును రాసుకుంటూ ఉండగా వెంటనే మరో సందేశం రావడంతో పొరుగు స్విచ్‌లు తడబడి తామూ ఆగి లేచాయి. మళ్ళీ కబుర్లు పంపాయి. ఇలా 114 స్విచ్‌లు సుమారు 9 గంటలపాటు ఒకదానినొకటి పడగొట్టుకున్నాయి. నడవడంలో తప్పు లేదు. పొరుగువాడు పడి లేచినప్పుడు ఎలా ప్రవర్తించాలన్నదానిలో తప్పున్నది.

2024 జులై 19 నాటి సంఘటన ప్రవాస కుటుంబాలు చాలావాటికి గుర్తుండి ఉంటుంది. ఆ రోజు విమానాశ్రయాలలో నీలితెరలు తప్ప విమానాల వేళలు కనిపించలేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ, విండోస్ కెర్నెల్‌లో భాగంగా నడిచే తన ప్రోగ్రాముకు ఒక చిన్న సమాచారపు ఫైలును పంపింది. ఎవరినీ అడగనవసరం లేదు, యంత్రాన్ని ఆపనవసరం లేదు. దానంతట అదే అమరిపోయే సవరణ అది. అందులో దోషముండడంతో సుమారు 85 లక్షల కంప్యూటర్లు కూలిపోయాయి. సంస్థ 78 నిమిషాలలోనే ఆ ఫైలును వెనక్కు తీసుకున్నది. కాని పడిపోయిన యంత్రాలు లేవబోయి మళ్ళీ పడుతూ వచ్చాయి. ఒక్కొక్కదాని దగ్గరకు మనిషి వెళ్ళి చేతితో బాగుచేయవలసి వచ్చింది. ఇది ఆపరేటింగ్ సిస్టం సవరణ కాకపోయినా చెప్పే పాఠం దానికీ వర్తిస్తుంది. ఆపకుండా వేయగలిగిన సవరణ ఎంత వేగంగా మేలు చేయగలదో అంత వేగంగా కీడూ చేయగలదు. వారాంతంలో నిద్రకళ్ళతో లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి ఒక అడ్డంకి అనిపించవచ్చు. ఒక యంత్రానికి వేసి, అది లేచిందా లేదా అని చూచి, తరువాత రెండవదానిని ముట్టుకునేది కూడ ఆ మనిషే.

కర్మాగారం, కోవెల నేర్పినది

రసాయన పరిశ్రమ ఈ సమస్యను కంప్యూటర్లకంటె ముందే ఎదుర్కొన్నది. ముడిచమురులోని బరువైన భాగాన్ని పెట్రోలుగా విరగగొట్టడానికి ఉత్ప్రేరకం కావాలి. కొద్ది నిమిషాలలోనే ఆ ఉత్ప్రేరకంమీద బొగ్గు పేరుకుని అది పని మానేస్తుంది. 1930 దశకంలో ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ ప్రవేశపెట్టిన విధానంలో ఒక పాత్రను ఆపి బొగ్గు కాల్చివేస్తుంటే మరొకటి పనిచేసేది. 1942లో అమెరికాలోని బేటన్ రూజ్‌లో మొదలైన కొత్త విధానంలో ఉత్ప్రేరకాన్ని పొడిచేసి ద్రవంలా ప్రవహింపజేశారు. అది ఒక పాత్రలో పనిచేసి, మరొక పాత్రలోకి పోయి శుభ్రపడి తిరిగివస్తూ ఉంటుంది. కర్మాగారం ఆగదు. విశాఖపట్టణం శుద్ధి కర్మాగారంలో కూడ ఈ విధానం ఉన్నది.

ఐతే ఇక్కడితో కథ ముగియలేదు. ఉత్ప్రేరకాన్ని ఆపకుండా మార్చగలిగినా, కొన్ని సంవత్సరాలకొకసారి ఆ కర్మాగారాన్ని పూర్తిగా ఆపి, చల్లార్చి, మనుషులు పాత్రల లోపలికి దిగి గోడలను, గొట్టాలను పరీక్షిస్తారు. నడుస్తుండగా కంటికి కనబడనివి అక్కడ కనబడతాయి. ఆ ఆపుదలను ఎవరూ వైఫల్యంగా భావించరు. నెలల తరబడి ముందుగా ప్రణాళిక వేసుకుంటారు.

తెలుగువారి ఆలయ సంప్రదాయంలో కూడ ఈ వివేకం ఉన్నది. గర్భాలయంలో మరమ్మతు చేయవలసి వచ్చినప్పుడు దైవశక్తిని బాలాలయంలోకి ఆవాహన చేసి, నిత్యపూజలు అక్కడ కొనసాగిస్తారు. పూజ ఆగదు, మూలస్థానంలో పని నిదానంగా, పూర్తిగా జరుగుతుంది. తిరుమలలో పన్నెండేళ్ళకొకసారి జరిగే బాలాలయ మహాసంప్రోక్షణం 2018 ఆగస్టులో ఈ విధంగానే జరిగింది. కంప్యూటరు నిర్వాహకులు పనిని రెండవ సర్వరుకు మళ్ళించి మొదటిదానిని ఆపి లేపుకోవడం ఇటువంటిదే. ఆగకూడనిది సేవ. ఒక్కొక్క యంత్రం ఆగవచ్చును, ఆగవలెను కూడ.

చేయవలసినది

ఆపకుండా వేసే సవరణను ప్రథమ చికిత్సగా చూడడం ఉచితం. రక్తం కారుతున్నప్పుడు కట్టు కట్టాలి. ఆసుపత్రి చేరేవరకు ఆగుదామనడం అవివేకం. కట్టు కట్టాము గనుక ఆసుపత్రి అక్కరలేదనడం కూడ అవివేకమే. మైక్రోసాఫ్ట్ రూపొందించిన క్రమంలోనే ఈ అంగీకారం కనిపిస్తుంది. ఆ పద్ధతిలో జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల సవరణలకు యంత్రం ఆగుతుంది. మిగిలిన నెలలలో ఆగకుండానే సవరణ వేస్తారు. ఏడాదికి పన్నెండు ఆపుదలలు నాలుగుకు తగ్గాయి గాని సున్నాకు చేరలేదు. సున్నాకు చేర్చాలని ప్రయత్నించకపోవడమే అందులోని మంచి.

ఆక్షేపించవలసినది ధర విషయం. 2011లో కెస్ప్లైస్‌ను కొన్న ఒరాకిల్ సంస్థ ఆ సేవను ప్రధానంగా తన లినక్స్ ఖాతాదారులకే పరిమితం చేసింది. సొంత సర్వర్లు నడుపుకునేవారికి ఈ సౌకర్యం కావాలంటే ఒక్కొక్క ప్రాసెసర్ కోరుకు నెలకు ఒకటిన్నర డాలరు 2025 జులై నుండి చెల్లించాలని మైక్రోసాఫ్ట్ నిర్ణయించింది. పదహారు కోర్లున్న ఒక సర్వరుకు ఏడాదికి 288 డాలర్లు. పెద్ద బ్యాంకుకు ఇది లెక్కలోనిది కాదు. పదేసి సర్వర్లతో నెట్టుకొచ్చే చిన్న ఆసుపత్రికి అది లెక్కే. దోషం తయారీదారునిది, దానిని ఇబ్బంది లేకుండా దిద్దించుకునే హక్కు మాత్రం కొనుక్కోవాలనడం న్యాయం కాదు. కొత్త సౌకర్యాలకు ధర పెట్టవచ్చును. ప్రాణాలకు సంబంధించిన భద్రతా సవరణలను ఆపకుండా అందించడం ఉచితంగా ఉండాలి. ఉబుంటు లినక్స్ సంస్థ వ్యక్తిగత వినియోగదారులకు కొద్ది యంత్రాల వరకు ఈ సేవను ఉచితంగా ఇవ్వడం అది సాధ్యమేననడానికి నిదర్శనం.

ఈ వృత్తిలో ఉన్న తెలుగువారు వేలమంది. 2000 సంవత్సరపు సమస్యను దిద్దడానికి వచ్చి ఈ దేశంలో స్థిరపడిన తరం ఒకటి, తరువాత వచ్చిన తరాలు మరికొన్ని. ఇటువంటి నిర్ణయాలు జరిగే సమావేశాలలో నేడు వారికీ కుర్చీలున్నాయి. యంత్రాన్ని ఎన్నేళ్ళుగా ఆపలేదో చెప్పుకునే గర్వానికి బదులు, ఎప్పుడు పడినా ఎంత త్వరగా లేవగలదో చెప్పుకునే గర్వాన్ని వారు అలవాటు చేయగలరు. అప్పుడు ఆపుదల అర్ధరాత్రి దొంగచాటుగా జరగవలసిన అవసరమూ ఉండదు. రెండవ యంత్రం సేవను మోస్తుండగా, మంగళవారం మధ్యాహ్నం, అందరూ కార్యాలయంలో ఉన్నప్పుడే ఆ పని జరగవచ్చు. ఉగాదినాటి బొబ్బట్టు వేడిగా తినవచ్చు.

ఇళ్ళలో చేయవలసినది ఇంకా సులువు. 2016లో వచ్చిన ఏడవ ఆండ్రాయిడ్ నుండి చాలా ఫోన్లలో వ్యవస్థకు రెండు గదులుంటాయి. ఒక గదిలో పాతది నడుస్తుండగా రెండవ గదిలో కొత్తది సిద్ధమవుతుంది. కొత్తది సరిగా లేవకపోతే పాత గదికి తిరిగి వెళ్ళే ఏర్పాటు కూడ ఉన్నది. మిగిలిన పనల్లా ఒక్కసారి ఆపి లేపడమే. ఆ ఒక్కటీ జరగక, గుంటూరులోనో కరీంనగరంలోనో పెద్దవారి ఫోన్లలో సవరణలు నెలలతరబడి వేచి ఉంటాయి. "ఏదో నొక్కితే ఏదో పోతుందేమో" అన్నది వారి భయం. పింఛను, బ్యాంకు ఖాతా, గ్యాసు బండ, విదేశంలోని మనుమల ముఖాలు అన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి కనుక ఆ భయం నిష్కారణమైనది కాదు. ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మ చేతి భోజనం ముగించి, నాన్నగారి ఫోను తీసుకుని, ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతనే ఆ మీట నొక్కించి, రెండు నిమిషాలు ఇద్దరూ కలిసి ఎదురుచూస్తే చాలు. అది ఆగి మళ్ళీ లేవడం ఆయన కళ్ళారా చూస్తారు. తరువాతిసారి ఫోను అడిగినప్పుడు ఆ మీట ఆయనే నొక్కుతారు.